తహసీల్దారు కొరకు

నూజివీడు బజారులో కొన్నేళ్లపాటు నన్ను 'కొరకుగారు' అనేవాళ్లు. అమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంది. తాలూకా కచేరీ హాజరుపట్టీలో ఉన్నది కూడా అదే. కానీ ఆ పేరుతో నన్ను పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కిళ్లీకొట్టు ముందు నిలబడితే చాలు, "ఏం కొరకుగారూ, ఇవాళ ఎవర్నీ కొరక్కుండానే ఇంటికి పోతున్నారా?" అని ఒకడు, "ఆయన కొరకడురా, మింగుతాడు" అని ఇంకొకడు. నేను పళ్లికిలించి ఊరుకునేవాణ్ణి. నిజానికి నేను ఎవరి దగ్గరా ఏమీ మింగలేదు. మింగినవాళ్లకు ఇంత పేరు రాలేదు కూడా.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఎండాకాలం సంగతి ఇది. దొరలు పోయారు గాని కంట్రోలు పోలేదు. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకి కంట్రోలు, గుడ్డకి కంట్రోలు. ఊపిరి ఒక్కటే ఎంత పీల్చుకున్నా అడిగేవాడు లేడు. మామిడికాయకు కూడా కంట్రోలు లేదు. మా నూజివీడు వాళ్లది ఎంత అదృష్టం అనుకునేరు, ఆగండి. కాయ గంపలో వేయాలంటే కింద వరిగడ్డి పరవాలి, మధ్య మధ్య కుక్కాలి, పైన కప్పాలి. ఆ వరిగడ్డికి కంట్రోలు ఉంది! పశువుల మేత తాలూకా దాటిపోకూడదని ఎవరో పెద్దమనిషి పైనుంచి ఉత్తర్వు వేశాడు. అంచేత కాయ దర్జాగా కలకత్తా దాకా పోవచ్చు, అది పడుకునే పరుపుకి మాత్రం పర్మిట్టు కావాలి. దానికి తోడు మా ఊరి పేరు పెట్టుకున్న రైలుస్టేషను మా ఊళ్లో లేదు. బాపులపాడు దగ్గర, పక్క తాలూకాలో ఉంది. రైలెక్కాలనుకున్న ప్రతి కాయా సరిహద్దు దాటాల్సిందే.

ఈ గడ్డి పర్మిట్టు ఇచ్చే అధికారం మొదట మద్రాసులో ఉండేది. అక్కణ్ణుంచి కలెక్టరుగారికి వచ్చింది. ఆయన పైవాళ్ల అనుమతి తీసుకుని, కాగితం మీద రాసి, దాన్ని తహసీల్దారుకిచ్చారు. ఇంతవరకూ అంతా సక్రమమే. ఒక మనిషి వివేకాన్ని నమ్మి అధికారం ఇస్తారు. వివేకం బదిలీ కాదు గనక, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చని ఇచ్చినవాళ్లు చెబితే తప్ప, అధికారమూ ఆ మనిషి దగ్గరే ఉండాలి. చట్టం తెలిసినవాళ్లు చెప్పే మాట అది. కలెక్టరుగారి ఉత్తర్వులో అలా ఇచ్చుకోవచ్చన్న ముక్క ఎక్కడా లేదు. 'తహసీల్దారు స్వయముగా విచారించి' అని ఉంది. స్వయముగా అన్న మాట కింద గీత కూడా గీసి ఉంది.

మా తహసీల్దారుగారు ఆ గీతను రెండుసార్లు చూశారు. వెంటనే డిప్యూటీ తహసీల్దారును పిలిచి "ఇది మీరు చూడండి" అన్నారు. డిప్యూటీగారు హెడ్‌గుమాస్తాను పిలిచి "ఇదేదో చూడండి" అన్నారు. హెడ్‌గుమాస్తా కళ్లజోడు తుడుచుకుని, ఉత్తర్వు తెచ్చి నా బల్ల మీద పడేసి, "చూడవయ్యా" అన్నాడు. నా కింద బంట్రోతు ఉన్నాడు. వాడికి సంతకం చేయడం రాదు గనక సరిపోయింది, లేకపోతే ఆ కాగితం ఇంకో మెట్టు దిగేది. ఇదంతా నోటిమాట మీద జరిగింది. ఎవరు ఎవరికి ఏమిచ్చారో ఒక్క అక్షరం రాతలో లేదు.

అంతకుముందు ఫారాలన్నీ ఇంగ్లీషువి. కింద 'ఫర్ తహసీల్దార్' అని అచ్చయి ఉండేది. ఆ ఫర్‌ని ఏనాడూ ఎవరూ పట్టించుకోలేదు. స్వరాజ్యం వచ్చాక మా తహసీల్దారు దొరగారికి హఠాత్తుగా భాషాభిమానం పుట్టుకొచ్చింది. పర్మిట్లు తెలుగులో వేయించండి అన్నారు. తర్జుమా పని కూడా మెట్లన్నీ దిగి నా బల్ల దగ్గరికే వచ్చి ఆగింది. ఫర్ అంటే కొరకు. చిన్నప్పుడు బళ్లో 'కొరకున్, కై, చతుర్థీ విభక్తి' అని గొంతు చించుకుని వల్లెవేసినవాణ్ణేగా! 'తహసీల్దారు కొరకు' అని శుభ్రంగా రాసి అచ్చుకి పంపాను. అచ్చయి వచ్చింది. ఎంత కమ్మగా ఉందో అన్నారు అందరూ. ఉగాది వెళ్లిన దగ్గర్నుంచీ బళ్లు వరసకట్టాయి. నేను కూర్చుని 'తహసీల్దారు కొరకు' అన్నదాని పైన గిలికేవాణ్ణి, వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. విచారణా లేదు, వివేకమూ లేదు. గిలుకుడే.

ఒకనాడు పంతులమ్మగారు వచ్చారు. మిషను బళ్లో తెలుగు చెప్పేవారు. నలభై ఏళ్లుంటాయి. మనిషి సన్నగా, మాట నిదానంగా ఉండేది. విస్సన్నపేట రోడ్డు మీద ఆవిడకో చిన్నరసాల తోట ఉంది. భర్త పోయాక రెండేళ్లుగా తనే చూసుకుంటున్నారు. దరఖాస్తు నా ముందు పెట్టారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఇన్ని గంపలు, ఇంత గడ్డి, మూడు బళ్లు, ఫలానా షావుకారుగారి వ్యాగను, శుక్రవారం మధ్యాహ్నానికల్లా స్టేషనులో ఉండాలి అని అన్నీ రాసి, చివర 'విచారణకు దయచేయ గోరెదను' అని చేర్చారు.

"విచారణ ఎందుకండీ, ఇచ్చేస్తాగా" అన్నాను, కలం తీస్తూ.

"ఉత్తర్వులో విచారించి ఇవ్వాలని ఉందటగా? రండి, విచారించండి. నా కాగితంలో లొసుగు ఉండకూడదు" అన్నారు.

ఎందుకమ్మా ఇంత పట్టింపు అంటే, దాచుకోకుండా చెప్పారు. భర్త తమ్ముడొకాయన ఉన్నాడు. ఆడమనిషి బళ్ల వెంటా కచేరీల వెంటా తిరగడమేంటి, తోట మీద ముక్త్యారు నాకు రాసివ్వు, నీ బదులు నేను చూసుకుంటాను అని రెండేళ్లుగా పోరుతున్నాడు. ముక్త్యారు అంటే తెలుసుగా, నా తరఫున నువ్వే సర్వమూ చెయ్యి అని రాసిచ్చే కాగితం. చివరికి తగువు చర్చిలో సంఘ పెద్దల ముందుకెళ్లింది. ఈ ఏడు కాపు ఆవిడే స్వయంగా రైలెక్కిస్తే తోట ఆవిడ చేతిలో ఉంటుంది, ఎక్కించలేకపోతే మరిదికి ముక్త్యారు రాసివ్వాలి. అదీ పెద్దలు చెప్పిన తీర్పు. ఈవిడ సరేనన్నారు.

"ఒకసారి రాసిచ్చానంటే మళ్లీ నా చేతికి రాదు. ఆ తోటలో సగం మొక్కలు నేను నీళ్లు మోసి పెంచినవి" అన్నారు.

ఆదివారం చర్చిలో ఆవిడ ప్రార్థన అయ్యాక సైకిలు మీద తోటకి వెళ్లాను. ఎందుకెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. నా సర్వీసు మొత్తంలో విచారణ అన్న పేరుతో కాలు బయట పెట్టింది అదే మొదలు. ఆవిడ చెట్టు చెట్టూ తిప్పి చూపించారు. కాయను ఇంత తొడిమ ఉంచి ఎందుకు కోయాలో చెప్పారు. తొడిమ మొదలంటా తెగితే సొన కాయ మీద కారుతుంది, కారినచోట మచ్చ పడుతుంది, మచ్చ దగ్గర్నుంచి కుళ్లుతుంది. గడ్డివాము చూపించారు. గంపలో ఒక వరస పేర్చి, "నొక్కండి, కింద గట్టిగా తగులుతోందా?" అని నా చేత నొక్కించారు. తగల్లేదు. గంపకు ఇంత గడ్డి కావాలి, ఇంతకంటే అక్కర్లేదు అని నాకు నేనుగా తేల్చుకున్నాను. దరఖాస్తులో ఉన్నదానికి అది సరిగ్గా సరిపోయింది. ఆ పూట నాకు నేను చాలా ముద్దొచ్చాను, దాచడమెందుకు.

బుధవారం పర్మిట్టు రాసి చేతికిచ్చాను. ఆవిడ అలవాటుగా చివరిదాకా చదివి నవ్వారు.

"చతుర్థి వేశారే?"

"ఫర్‌కి అంతేగదండీ."

"తోటకొచ్చింది మీరు. చూసింది మీరు. ఇవ్వొచ్చని తేల్చింది మీరు. మరి కర్త మీరేగా? హాయిగా ప్రథమలో మీ పేరు రాయకపోయారా?"

"అమ్మో! నా పేరు రాస్తే ఎవడు ఒప్పుకుంటాడండీ!" అని నేనూ నవ్వాను. పక్కబల్ల గుమాస్తా కూడా నవ్వాడు. ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయారు.

గురువారం పొద్దున పదింటికి మళ్లీ ప్రత్యక్షమయ్యారు. మెట్లెక్కుతుంటేనే తెలిసిపోయింది, ఏదో జరిగిందని. చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. సరిహద్దు చెక్కుపోస్టులో ఆ వారమే కొత్త ఇనస్పెక్టరు దిగాడట. పాత ఇనస్పెక్టరు కాగితం రంగు చూసి దారికడ్డంగా ఉన్న గడ ఎత్తేసేవాడు. ఈయన చదువుతాడు. అదీ వచ్చిన చిక్కు. చెక్కుపోస్టు గోడకి అంటించిన ప్రకటనలో 'తహసీల్దారు చేత సంతకము చేయబడిన పర్మిట్టు' అని ఉంది. ఈవిడ చేతిలో దాంట్లో 'తహసీల్దారు కొరకు' అని ఉంది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "చేత తృతీయ, కొరకు చతుర్థి. రెండూ ఒకటి ఎలా అవుతాయండీ?" అన్నాడట.

"మీరేమన్నారు మరి?" అన్నాను.

"ఏమంటాను? వ్యాకరణం ఆయన పక్షాన ఉంది. ఇరవై ఏళ్లుగా నేను పిల్లలకి చెప్పేది అదేగా" అన్నారు. ఆ మాట అనేటప్పుడు కూడా నవ్వబోయారు గాని రాలేదు. మూడు బళ్లు ఎండలో నిలబడి ఉన్నాయి. రేపు మధ్యాహ్నం దాటితే వ్యాగను మూసేస్తారు.

నేను హెడ్‌గుమాస్తా దగ్గరికి పరిగెత్తాను. "సంతకం ఎవరిదయ్యా?" అన్నాడు. నాదే అన్నాను. "మరి నన్నడుగుతావేం?" అని తలగుడ్డ సర్దుకున్నాడు. డిప్యూటీగారి గదికి వెళ్తే ఆయన గోడమీది క్యాలెండరు వంక చూస్తూ, "దొరగారు విస్సన్నపేట క్యాంపులో ఉన్నారుగా, వెళ్లి చూడండి" అన్నారు. ఆ కచేరీలో అందరికీ వచ్చిన క్రియ అదొక్కటే, చూడండి.

బొగ్గుతో నడిచే బస్సెక్కి విస్సన్నపేట చేరేసరికి ఒంటిగంట. తహసీల్దారుగారు భోజనం చేస్తున్నారన్నారు. తర్వాత నిద్రపోతున్నారన్నారు. తర్వాత లేచారు గాని మొహం కడుక్కుంటున్నారన్నారు. నేను క్యాంపు బంగళా వరండాలో కూర్చుని, ఎండలో గంపల్లో కాయలు ఎలా మగ్గుతుంటాయో తలుచుకుంటున్నాను. నాలుగింటికి లోపలికి రమ్మన్నారు. పడకకుర్చీలో పడుకుని పెద్దరసం పిసుకుతున్నారు. సంగతంతా చెప్పాను. ఆయన టెంక నోట్లోంచి తీసి అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"నిన్నెవరు సంతకం పెట్టమన్నారు?"

"తమరేగదండీ, డిప్యూటీగారితో చూడండి అన్నారు, ఆయన..."

"చూడండి అన్నాను. చూడమంటే చూడమనేగా అర్థం? పెట్టమని కాదుగా?"

ఇంగ్లీషు ఫర్ మింగుడుపడని చోట తెలుగు చూడండి కూడా అడ్డంపడింది. "పోనీ ఇప్పుడు తమరు ఒక్క సంతకం పెట్టండి సార్. నేను తోటకి వెళ్లి చూశాను, లెక్కంతా సరిగ్గానే ఉంది" అన్నాను.

"పిచ్చివాడా! ఇప్పుడు నేను పెట్టానంటే ఇంతకుముందు పెట్టనట్టేగా? ఉగాది నుంచీ పోయిన గడ్డంతా దొంగగడ్డి అయి కూర్చుంటుంది. అదంతా ఎవడి మెడకి చుట్టుకోవాలి?"

"అయితే నేను పెట్టింది చెల్లుతుందని ఒక ముక్క రాయండి."

"చెల్లుతుందని ఎలా రాస్తాను? ఉత్తర్వులో స్వయముగా అని ఉంది, గీత కూడా గీసి ఉంది. చదివావా?"

"అయితే చెల్లదా సార్?"

"చెల్లదని ఎవరన్నారు?"

ఆయన చెయ్యి కడుక్కుంటూ, కాగితాన్ని దాని దారిలో పైకి పంపించమన్నారు. దాని దారి అంటే నా దగ్గర్నుంచి హెడ్‌గుమాస్తా, ఆయన్నుంచి డిప్యూటీ, ఆయన్నుంచి ఈయన. దిగేటప్పుడు ఒక్క పూటలో దిగిన మెట్లు ఎక్కేటప్పుడు పది రోజులు పడతాయి. వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి, "రసం తిని వెళ్లవయ్యా, ఎండన పడి వచ్చావు" అన్నారు. తిన్నాను కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా తియ్యగా ఉంది.

శుక్రవారం తెల్లారగానే సైకిలు మీద చెక్కుపోస్టుకి వెళ్లాను. పంతులమ్మగారు బండి నీడలో కూర్చుని ఉన్నారు. నా మొహం చూడగానే లేచి ఇనస్పెక్టరు దగ్గరికి వెళ్లారు.

"అభ్యంతరం గడ్డికేనా, కాయలకా?"

"కాయలకేం అభ్యంతరం లేదండీ. మీ మీద నాకు కోపమూ లేదు. గడ్డి ఒక్కటే" అన్నాడాయన, పాపం మర్యాదగానే.

"అయితే గడ్డి తీసేస్తాను."

బండివాళ్లు వద్దమ్మా అన్నారు. నేనూ వద్దండీ అన్నాను. వద్దనడం తప్ప మా దగ్గర ఏముంది? ఆవిడే ముందు చెయ్యి వేసి గంపలు విప్పారు. గడ్డంతా లాగి రోడ్డు పక్కన కుప్ప పోశాం. బండివాళ్ల తుండుగుడ్డలూ, రెండు గోనెసంచులూ, ఆవిడ సంచీలో ఉన్న దుప్పటీ కాయల మధ్య కుక్కాం. ఎంతకని వస్తాయి అవి? కుక్కుతుండగా మూడు జతల ఎడ్లూ ఆ కుప్ప మీద పడి, సరిహద్దుకు ఇవతల నిలబడి, ప్రశాంతంగా గడ్డి తిన్నాయి. పశువుల మేత తాలూకా దాటిపోలేదు. చట్టం నెగ్గింది. గడ పైకి లేచింది.

స్టేషను దారి మీకు తెలియంది కాదు. గుంట గుంటకీ బండి ఎగిరిపడింది. ఎగిరిన ప్రతిసారీ వెనకనుంచి మెత్తగా చప్పుడు వినిపించేది. మొదట్లో కాసేపు నేను ఆ చప్పుళ్లు లెక్కపెట్టి, తర్వాత మానేశాను. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వ్యాగను మూయకముందే చేరాం. షావుకారుగారు ఒక గంపలో చెయ్యి పెట్టి తీసి, వేళ్లు చూసుకుని, కండువాకి తుడుచుకున్నారు.

"వీటిని ఎక్కించలేనమ్మా. కలకత్తా వెళ్లేసరికి రసాలు రసంగానే దిగుతాయి" అన్నారు. హాస్యమాడారో, ఉన్న మాటే అన్నారో తెలియదు. ఆయన తప్పేం లేదు. గంప కింద అప్పటికే నేల తడిసింది.

సోమవారం నాకు మెమో అందింది. 'అధికారము లేకుండ పర్మిట్లు జారీ చేసినందుకు మీపై చర్య ఏల తీసికొనరాదో తెలుపవలెను.' కింద హెడ్‌గుమాస్తా సంతకం. సంతకం కింద ఏముందనుకున్నారు? తహసీల్దారు కొరకు! నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి సంజాయిషీ రాశాను. ఈ మెమో తహసీల్దారు చేత ఇవ్వబడినది కాదు, కొరకు ఇవ్వబడినది, కావున చెల్లదు, ఆ తోటను స్వయముగా విచారించినవాడు ఈ కచేరీలో నేనొక్కడినే అని రెండు పేజీలు దంచి పారేశాను. మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, "బావుంది. ఉద్యోగం పోతే మీ అన్నయ్య మనల్ని ఇంట్లో ఉండనిస్తారా?" అంది. రెండు పేజీలూ పొయ్యిలో పెట్టి, 'పొరపాటు మన్నించ ప్రార్థన' అని ఒక్క ముక్క రాసిచ్చాను. మన్నించారు. అచ్చైన ఫారాలు పారేయడం ఎందుకని, 'కొరకు' కొట్టేసి పైన 'చేత' అని రాయమన్నారు. అలాగే రాశాను. సంతకం మాత్రం ఎప్పట్లాగే నేనే గిలుకుతున్నాను. ఇనస్పెక్టరు చదివి, విభక్తి కుదిరిందని గడ ఎత్తుతున్నాడు.

ఆ వారంలోనే పంతులమ్మగారు మా ఇంటికొచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు. వదిన ఎక్కడో దొంగపర్మిట్టు పుట్టించి పట్టుబడిందని మరిది సంఘంలో చెప్పుకొచ్చాడట. పెద్దలు కాస్త మెత్తబడి, పర్మిట్టు సరైనదే, తప్పు ఈవిడది కాదు అని కచేరీ వాళ్లెవరైనా ఒక్క ముక్క రాసిస్తే ఇంకో ఏడాది చూద్దాం అన్నారట.

"పెద్ద కాగితం అక్కర్లేదు. నేను తోట చూశాను, నేను పర్మిట్టు ఇచ్చాను, అందులో ఈవిడ మోసం లేదు. అంతే. కింద మీ పేరు. చతుర్థి లేకుండా" అన్నారు.

నాకు రాయాలనే ఉంది. ఒట్టు, రాయాలనే ఉంది. లోపలినుంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ వింటోందన్నమాట. మన్నించ ప్రార్థన అని రాసిచ్చి నాలుగు రోజులు కాలేదు. ఇప్పుడు నేనే ఇచ్చాను అని ఇంకో కాగితం రాస్తే?

"తహసీల్దారుగారిని ఒక్కమాట అడిగి చెబుతానండీ" అన్నాను.

ఆవిడ కోప్పడితే బాగుండేది. "అలాగేనండి, అడగండి" అని చెప్పి మెట్లు దిగారు. నేను అడగలేదు. అడిగితే ఆయన ఏమంటారో నాకు తెలుసు, చూద్దాం అంటారు.

తొలకరి పడ్డాక ఒకరోజు మా కచేరీ పక్కనే ఉన్న రిజిస్ట్రారాఫీసు వరండాలోంచి ఎవరో పిలిచారు. "కొరకుగారూ, ఇలా ఒకసారి రండి!" పంతులమ్మగారి మరిది. తెల్ల చొక్కా, చేతిలో స్టాంపు కాగితం. పక్కన బెంచీ మీద ఆవిడ. ఆవిడ ఫలానా అని తెలిసినవాళ్లు ఒకరు సాక్షి సంతకం పెట్టాలట. రావాల్సిన మనిషి వానకి ఆగిపోయాడట.

"మా వదిన మీకు తెలుసుగా? తోట కూడా చూశారట!" అన్నాడు.

తెలియదు అనొచ్చు. పనుంది అని తప్పుకోవచ్చు. ఆ రెండూ నాకు తట్టలేదు. కాగితం తీసుకుని చదివాను. 'నా తరఫున, నాకు బదులుగా, నేను స్వయముగా చేసినట్లే...' ఆ రాసిన లేఖరి ఎవరో గాని పని తెలిసినవాడు. కోయడం, అమ్మడం, కౌలుకివ్వడం, వ్యాజ్యం వేయడం, ఇంకొకరికి అప్పగించడం, ఏదీ వదల్లేదు. మద్రాసు నుంచి మా ఊరిదాకా ఇన్ని అధికారాలు దిగొచ్చాయి, ఇంత సక్రమంగా రాతమూలకంగా దిగింది ఇదొక్కటే.

ఆవిడ సంతకం పెట్టారు. అవే ముత్యాల్లాంటి అక్షరాలు. పెట్టి, తన కలమే నా చేతికిచ్చారు. నేను వంగి, నా పేరు, నాన్నగారి పేరు, ఊరు, చేస్తున్న పని, అన్నీ గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. మరిది ఊది తడి ఆర్చుకుని లోపలికి పట్టుకుపోతుంటే, ఆవిడ ఆగమని చెయ్యెత్తి, అలవాటుగా ఆ చివరి వరస దాకా చదివారు.

"అయితే ప్రథమ వచ్చన్నమాట మీకు" అని, నా చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టుకున్నారు.